214 కోట్ల ప్రధాన సంఖ్య, దాని ఇరుగుపొరుగు

(హైదరాబాద్‌లో డిగ్రీ విద్యార్థులు, లెక్కల టీచర్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగం. బోర్డు మీద రాసినవాటిని మాటల్లోనే కలిపేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కుర్చీల్లో ఉన్నవాళ్ళు ముందుకొస్తే మంచిది. బోర్డు మీద అంకెలు చిన్నగానే పడతాయి.

ఈ సంఖ్య చూడండి: 2,14,74,83,647. రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్భై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. అమీర్‌పేటలో సీ భాషో జావానో నేర్చుకున్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉంటారు. వాళ్ళకు దీన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. ఇంట్ అని రాస్తే, అంటే పూర్ణ సంఖ్య దాచుకోవడానికి 32 బిట్ల చోటు అడిగితే, అందులో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. జావాలో దీనికి ఇంకొక్కటి కలిపితే సరాసరి మైనస్‌లోకి వెళ్ళిపోతుంది. 2014లో ఒక కొరియన్ పాటను చూసినవాళ్ళ లెక్క దీన్ని దాటేసరికి యూట్యూబ్ ఆ లెక్క పెట్టే పద్ధతినే పెంచుకోవలసి వచ్చింది. 2038 జనవరి 19, మంగళవారం, మన టైం ప్రకారం పొద్దున 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు పాత కంప్యూటర్ గడియారాలు కూడా ఇదే సంఖ్య దగ్గర ఆగుతాయి. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కబెడుతూ వచ్చిన 32 బిట్ల గడియారానికి అంతకుమించి చోటు లేదు. సరిగ్గా మన మెట్రోలో కాలు పెట్టే సందు దొరకని వేళ అది.

ఇదంతా మీకు తెలిసిన కథే. నేను మాట్లాడేది దీని గురించి కాదు. పై సంగతులన్నిటికీ కారణం ఈ సంఖ్య 2³¹−1 కావడం. ఇది ప్రధాన సంఖ్య కావడానికీ వాటికీ ఏ సంబంధమూ లేదు. ఈ రెండింటినీ కలిపేసి చెప్పేవాళ్ళు ఉన్నారు, నమ్మకండి. పాత 16 బిట్ల యంత్రాల హద్దు 32,767. అది 7, 31, 151ల లబ్ధం. ఇప్పటి 64 బిట్ల హద్దు 2⁶³−1ని 7 నిశ్శేషంగా భాగిస్తుంది. నడిమధ్యలో ఉన్న 32 బిట్లకు మాత్రం ఒకటి తగ్గిస్తే 31 వచ్చింది, ఆ 31 కలిసొచ్చింది. ఉత్త యాదృచ్ఛికం.

మనవాళ్ళకు ఈ జాతి సంఖ్యలు కొత్త కాదు. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా రెట్టింపు చేసుకుంటూ పోతే మొత్తం ఎంతో చెప్పే పద్యం ఒకటుంది. లెక్కల్ని పద్యాల్లో రాసిన పావులూరి మల్లనదని చెప్పుకుంటారు. అంకెలకు బదులు శరాలు, చంద్రుళ్ళు, వేదాలు, సముద్రాలు పెట్టి, కుడి నుంచి ఎడమకు చదివించి 1,84,46,74,40,73,70,95,51,615 అని తేల్చాడు. అంటే 2⁶⁴−1. అది ప్రధాన సంఖ్య కాదు. 3తోనే పోతుంది. కానీ అదే బల్ల మీద 31వ గడి దగ్గర ఆగి అప్పటిదాకా పడ్డ గింజలన్నీ కలిపితే మన సంఖ్య వస్తుంది. ఇంకో చిన్న ముచ్చట. 2⁶⁴−1 కారణాంకాల్లో 641 ఉంటుంది. 2³²+1 ప్రధానమని ఫెర్మా అనే గణితవేత్త అనుకున్నాడు. 1732లో ఆయిలర్ అనే మరో గణితవేత్త దానికి 641 భాజకమని చూపించాడు. ఆ 641 మన తెలుగు పద్యంలో ఎవరికీ కనబడకుండా కూర్చునే ఉంది.

సరే, అసలు విషయం. ఒక ప్రధాన సంఖ్య ఎలాంటిదో తెలుసుకోవాలంటే దాన్నే చూస్తూ కూర్చుంటే ఏమీ తెలీదు. దానికి భాజకాలే లేవు కదా, లోపలికి వెళ్ళే దారి ఎక్కడుంటుంది? దాని ఇరుగుపొరుగుని చూడాలి. ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ. మన సంఖ్య గుణగణాలన్నీ ఆ రెండు ఇళ్ళలోనే దొరుకుతాయి.

ముందు, ఇది ప్రధానమని ఎలా తెలిసింది? 2ని ఎన్నిసార్లు గుణించి ఒకటి తీస్తున్నామో ఆ లెక్క, అంటే ఘాతం, ప్రధానం కాకపోతే వచ్చే సంఖ్య కూడా ప్రధానం కాదు. ఇది తేలికే. కానీ ఘాతం ప్రధానమైనంత మాత్రాన చాలదు. 2¹¹−1 అంటే 2047, అది 23 ఇంటూ 89. కటాల్డీ అనే ఇటలీ గణితవేత్త 1588లో 2¹⁷−1, 2¹⁹−1 ప్రధానాలని సరిగ్గానే తేల్చాడు. ఆ ఊపులో 23, 29, 31, 37 ఘాతాలు కూడా పనికొస్తాయన్నాడు. నాలుగింటిలో 31 ఒక్కటే నిలిచింది. ఆ తర్వాత 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి ఒక జాబితా ఇచ్చాడు. అందులోనూ తప్పులున్నాయి, 67, 257 ఉండకూడదు, 61, 89, 107 ఉండాలి. 31 మాత్రం సరిగ్గానే ఉంది. ఈ జాతి సంఖ్యలకు ఆయన పేరే స్థిరపడింది. తప్పుల జాబితాకి అంత పేరు రావడం లెక్కల్లోనే సాధ్యం. (నవ్వులు)

నిరూపణ మాత్రం ఆయిలర్‌ది, 1772. అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాడు. ఈ ఫలితాన్ని బెర్నూలీ అనే తోటి గణితవేత్తకు ఉత్తరంలో రాశాడు. ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఇది చేత్తో చెయ్యగలిగిన పని.

మామూలు పద్ధతిలో అయితే వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. మన సంఖ్యకు వర్గమూలం 46,340 దాటి 46,341 లోపు ఉంటుంది. అంతలోపల నాలుగు వేల ఏడు వందలకు పైగా ప్రధాన సంఖ్యలున్నాయి. చూపు లేని మనిషి అన్ని భాగాహారాలు చెయ్యాలా? అక్కర్లేదు. ఏదో ఒక ప్రధాన సంఖ్య దీన్ని నిశ్శేషంగా భాగిస్తుందనుకుందాం. ఆ భాజకంతో శేషాలు తీసుకుంటూ పోతే, 2³¹కి శేషం 1 వస్తుంది. 31 ప్రధానం కాబట్టి అంతకుముందు ఎక్కడా 1 వచ్చే వీల్లేదు. మరోపక్క ఫెర్మా చెప్పిన సూత్రం ఉంది: 2 మీద ఘాతంగా ఆ భాజకం కంటే ఒకటి తక్కువ పెట్టినా శేషం 1 వస్తుంది. రెండూ నిజం కావాలంటే భాజకంలోంచి ఒకటి తీసేశాక మిగిలినదాన్ని 31 భాగించి తీరాలి. చూశారా, భాజకాన్ని పట్టుకోవడానికి కూడా దాని పక్కింటికే వెళ్ళాం. భాజకం బేసి సంఖ్య కాబట్టి అది 62 గుణిజానికి ఒకటి ఎక్కువ అవుతుంది.

ఇంకో జల్లెడ ఉంది. 2³¹కి శేషం 1 అయితే 2³²కి శేషం 2. 32 సరి సంఖ్య, కాబట్టి 2³² అనేది 2¹⁶కి వర్గం. అంటే ఆ శేషాల లోకంలో 2 ఒక వర్గ సంఖ్య అయింది. 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగిలే ప్రధానాల దగ్గర మాత్రమే అలా జరుగుతుంది. ఈ రెండు షరతులూ కలిపితే భాజకం 248 గుణిజానికి ఒకటి ఎక్కువో, అరవై మూడు ఎక్కువో కావాలి. వేరే దారి లేదు. 46,340 లోపు అలాంటివి, 63ని వదిలేస్తే, 372. వాటిలోంచి ప్రధానాలు కానివి తీసేస్తే వందకంటే తక్కువే మిగులుతాయి. మొదటిది 311. భాగించండి, 69,05,092 సార్లు పోయి 35 మిగులుతుంది. తర్వాతది 1303. మధ్యలో 497, 559, 1241 లాంటివన్నీ 7తోనో 13తోనో 17తోనో పోయేవే. ఇలా చివరిదాకా వెళ్ళినా ఏదీ నిశ్శేషంగా పోదు. అంతే, నిరూపణ అయిపోయింది. ఓపిక ఉన్న పదో తరగతి విద్యార్థి ఒక ఆదివారం కూర్చుంటే చెయ్యగలడు. టీచర్లకు మనవి, ఒక్కొక్కరికి రెండేసి భాగాహారాలు పంచితే క్లాసంతా కలిసి ఒక పీరియడ్‌లో ఆయిలర్ పని పూర్తి చేస్తారు.

తర్వాత చాలా దశాబ్దాలపాటు ఇంతకంటే పెద్ద ప్రధాన సంఖ్య ఎవరికీ తెలీదు. 1811లో పీటర్ బార్లో అనే ఇంగ్లిష్ గణితవేత్త దీని నుంచి వచ్చే పరిపూర్ణ సంఖ్య గురించి రాశాడు. తనను వదిలేసి మిగతా భాజకాలన్నీ కలిపితే తనే వచ్చే సంఖ్య అన్నమాట, 6 లాగా, 28 లాగా. మన సంఖ్యను 2³⁰తో గుణిస్తే అలాంటిది ఒకటి వస్తుంది. ఇంతకంటే పెద్దది ఎప్పటికీ కనిపెట్టరు, ఇవి వింతే తప్ప ఉపయోగం లేనివి కాబట్టి ఎవరూ ప్రయత్నించరు అన్నాడు. రెండు విధాలా తప్పయింది. 1876లో లూకాస్ అనే ఫ్రెంచి గణితవేత్త 2¹²⁷−1 ప్రధానమని చేత్తోనే తేల్చాడు, అది 39 అంకెల సంఖ్య. ఉపయోగం సంగతి ఇప్పుడు చూద్దాం.

ఎడమ పక్క ఇంటికి పోదాం. 2,14,74,83,646. దీన్ని విడగొడితే 2, 3, 3, 7, 11, 31, 151, 331. అన్నీ చిన్న చిన్నవే. దీనివల్ల లాభమేంటి? మన ప్రధాన సంఖ్యతో శేషాలు తీసుకుంటూ 7ని 7తో గుణిస్తూ పోండి. 1 మళ్ళీ ఎప్పుడొస్తుంది? 2 అయితే 31 అడుగుల్లోనే ఇల్లు చేరుతుంది, అది మనకు తెలుసు. 7 మాత్రం సున్నా తప్ప ఉన్న శేషాలన్నిటినీ, 214 కోట్ల పైచిలుకునూ, ఒక్కొక్కసారి తాకి గానీ 1 దగ్గరకు రాదు. అలా వస్తుందని ఎలా నమ్మడం? 214 కోట్ల అడుగులూ నడవక్కర్లేదు. పక్కింటి కారణాంకాలు తెలుసు కాబట్టి, ఆ 2,14,74,83,646ని 2, 3, 7, 11, 31, 151, 331లతో వేరువేరుగా భాగించి, ఆ ఏడు చోట్లా 1 రాలేదని చూసుకుంటే చాలు.

ఇదే గుణాన్ని పట్టుకుని 1988లో పార్క్, మిల్లర్ అనే ఇద్దరు కంప్యూటర్‌లో యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించడానికి ఒక కనీస ప్రమాణం సూచించారు. ప్రతిసారీ 16,807తో గుణించు, మన ప్రధాన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకో. అంతే. 16,807 ఎక్కడిది? 7⁵. ఐదే ఎందుకు? పైన చెప్పిన కారణాంకాల్లో 5 లేదు. ఉన్నదాన్ని ఘాతంగా తీసుకుంటే చక్రం తెగుతుంది. 7³ అంటే 343తో గుణించారనుకోండి, మూడోవంతు శేషాలు మాత్రమే తిరిగి మొదటికొచ్చేస్తుంది. సీ ప్లస్ ప్లస్‌లో మీరు వాడే మిన్‌స్టాండ్ ర్యాండ్ సున్నా ఇదే. ఒక్క మాట, ఆటలకూ నమూనా లెక్కలకూ సరే గానీ పాస్‌వర్డ్‌లూ ఓటీపీలూ దీంతో పుట్టించకండి. 214 కోట్లు ఇవాళ్టి కంప్యూటర్‌కి నిమిషాల పని.

శేషం తియ్యడం కూడా ఇక్కడ భలే సులువు. 9తో భాగించినప్పుడు శేషం కావాలంటే మనం అంకెలు కలుపుతాం కదా? 9 అనేది 10 కంటే ఒకటి తక్కువ కాబట్టి ఆ ఎత్తు పనిచేస్తుంది. మనది 2³¹ కంటే ఒకటి తక్కువ. కాబట్టి ఎంత పెద్ద సంఖ్యనైనా 31 బిట్ల ముక్కలుగా కోసి కలిపేస్తే సరి, భాగాహారం అక్కర్లేదు. చిన్న ఉదాహరణ: 1000ని 31తో భాగించాలి. 1000 అంటే 31 ముప్పైరెండ్లు, పైన 8. ముప్పై ఒకటీ ఎనిమిదీ 39. మళ్ళీ 39 అంటే ఒక ముప్పైరెండు, పైన 7. ఒకటీ ఏడూ ఎనిమిది. శేషం 8.

కాంపిటీటివ్ ప్రోగ్రామింగ్ చేసే పిల్లలు నన్ను ఆపేలోపు చెప్పేస్తాను. జవాబు మరీ పెద్దదైనప్పుడు శేషం తియ్యడానికి మీరు రోజూ వాడేది 100 కోట్ల 7 కదా? దాన్ని ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. దాని శేషాలు ఏ రెండు కలిపినా 200 కోట్ల 12 దాటదు, ఇంట్‌లో పడుతుంది. మన సంఖ్యతో రెండు శేషాలు కలిపితే పొంగిపోతుంది. ఇంకొకటి 99,82,44,353. దాని ఎడమ పక్కిల్లు 119 ఇంటూ 2²³, అంటే సగానికి సగం చేస్తూ 23 సార్లు మడవచ్చు. పెద్ద బహుపదుల్ని వేగంగా గుణించాలంటే ఈ మడతలే ప్రాణం. మనదాని ఎడమ పక్కింట్లో 2 ఒక్కసారే ఉంది. ఒక్క మడత. అందుకే చాలాకాలం దీన్ని ఆ పనికి ఎవరూ దగ్గరకు రానివ్వలేదు.

ఎడమవైపు తలుపు మూసుకుంటే కుడివైపు చూడరా? కుడి పక్కిల్లు 2³¹. అన్నీ 2లే. 31 మడతలు. దీన్ని మొదట వాడుకున్నవాడు లూకాస్, తర్వాత 1930లో లేమర్ దాన్ని చక్కదిద్దాడు. పరీక్ష ఇలా ఉంటుంది. 4తో మొదలుపెట్టు. వర్గం చేసి 2 తీసెయ్, శేషం ఉంచుకో. ఘాతం కంటే రెండు తక్కువసార్లు ఇలా చెయ్. చివర సున్నా వస్తే ప్రధానం, రాకపోతే కాదు. 31తో చేద్దాం, అది 2⁵−1 కాబట్టి మూడుసార్లు. 4 వర్గం 16, రెండు తీస్తే 14. 14 వర్గం 196, రెండు తీస్తే 194, 31తో శేషం 8. 8 వర్గం 64, రెండు తీస్తే 62. శేషం సున్నా. మన పెద్ద సంఖ్యకైతే 29 సార్లు. ఆయిలర్ వందలోపు భాగాహారాలతో చేసినది ఇక్కడ 29 గుణకారాలు. 2024 అక్టోబర్‌లో ల్యూక్ డ్యురాంట్ కనిపెట్టిన 2¹³⁶²⁷⁹⁸⁴¹−1, 4 కోట్ల 10 లక్షల అంకెలది, దాన్ని ఖరారు చెయ్యడానికీ ఈ పరీక్షే వాడారు. అదే ఇప్పటికి తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య.

ఇరుగుపొరుగుతో పనిలేకుండా ఏ సంఖ్యనైనా తేల్చే పద్ధతి లేదా అంటే, ఉంది. 2002లో ఐఐటీ కాన్పూర్ నుంచి మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఇచ్చారు. సిద్ధాంతపరంగా గొప్ప ఫలితం. కానీ ఈ కోట్ల అంకెల సంఖ్యల దగ్గర దానితో పని నడవదు, పక్కిల్లు తెలిసినవాడిదే వేగం.

కుడి పక్కింటి మీద ఇంకొకటి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. వృత్తం సమీకరణం మీకు తెలుసు, ఎక్స్ వర్గం ప్లస్ వై వర్గం ఈక్వల్స్ 1. దాన్ని శేషాలతో గియ్యండి. 7తో చేస్తే ఎన్ని బిందువులు? వర్గాలకు వచ్చే శేషాలు 0, 1, 2, 4. కలిపితే 1 రావాలి. 0, 1 కలిస్తే నాలుగు బిందువులు. 4, 4 కలిస్తే 8, శేషం 1, అక్కడ ఇంకో నాలుగు: 2 గానీ 5 గానీ, రెండువైపులా. మొత్తం 8. ఏడుకు ఒకటి ఎక్కువ. అదే 5తో చేస్తే నాలుగే వస్తాయి, ఒకటి తక్కువ. 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధానాలకు ఒకటి ఎక్కువ, 1 మిగిలేవాటికి ఒకటి తక్కువ. మనదానికి 3 మిగులుతుంది. కాబట్టి ఈ వృత్తం మీద సరిగ్గా 2³¹ బిందువులుంటాయి. సగం, సగంలో సగం, అలా 31 మడతలు. శేషాల్లో దొరకని మడతలు వృత్తం మీద దొరికాయి. 2024లో హాబొక్, లెవిట్, పపీని అనే ముగ్గురు దీన్నే ఆధారం చేసుకుని, ఒక పెద్ద లెక్క సరిగ్గా జరిగిందని ఆ లెక్క మళ్ళీ చెయ్యకుండా రుజువు చేసే పద్ధతిని రాశారు. బ్లాక్‌చెయిన్ పని చేసేవాళ్ళు ఇప్పుడు దాని వెంట పడ్డారు. 31 బిట్లు, శేషం తియ్యడం సులువు, పైగా మడతలు, ఇంకేం కావాలి వాళ్ళకి? బార్లో ఉపయోగం లేదన్నది ఈ సంఖ్య కుటుంబం గురించే.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, రహస్య సందేశాలకు ఇలాంటి ప్రధాన సంఖ్యలే వాడతారంటారు కదా. దీన్ని వాడొచ్చా?)

దీన్ని వద్దమ్మా, చాలా చిన్నది. ఆర్‌ఎస్‌ఏ అనే రహస్య సందేశాల పద్ధతిలో రెండు ప్రధాన సంఖ్యలు తీసుకుంటారు, మామూలుగా ఒక్కోటి మూడు వందల అంకెలది, ఆ రెండూ రహస్యం. పేరున్న ప్రధాన సంఖ్య అక్కడ పనికిరాదు, అందరికీ తెలుసు కాబట్టి. కానీ అన్ని పద్ధతులూ అలా ఉండవు. నీ వాట్సాప్‌లో వాడేది 2²⁵⁵−19, అది బహిరంగమే, ఎవరైనా చూసుకోవచ్చు. అక్కడ రహస్యం ప్రధాన సంఖ్యలో ఉండదు, దాని మీద గీసిన వక్రంలో నువ్వెన్ని అడుగులు వేశావన్నదే రహస్యం. మెర్సెన్ జాతి నుంచే 2⁵²¹−1 కూడా అలా అమెరికా ప్రమాణాల్లో చేరింది. 1952 జనవరి 30 రాత్రి కంప్యూటర్ మీద దొరికిన సంఖ్య అది.

(వెనక నుంచి ఒకాయన: 31 కూడా మెర్సెన్ ప్రధానమే, దాన్ని ఘాతంగా పెడితే మళ్ళీ ప్రధానం వచ్చింది. మరి ఈ 214 కోట్లనే ఘాతంగా పెడితే?)

మంచి ప్రశ్నండీ. 3 పెడితే 7, 7 పెడితే 127, 31 పెడితే మన సంఖ్య, 127 పెడితే లూకాస్ 39 అంకెల సంఖ్య, అన్నీ ప్రధానాలే. ఈ 214 కోట్లు పెడితే వచ్చేదానికి 64 కోట్లకు పైగా అంకెలుంటాయి. ప్రధానమై ఉంటే ఇప్పటి రికార్డు దాని ముందు నిలిచేది కాదు. కానీ కాదు. 1983లో దానికి ఒక భాజకం దొరికింది: 29,52,57,52,66,26,031. ఫోన్లు తియ్యండి, ఇందాకటి ఆయిలర్ షరతులు రెండూ దీనికి పెట్టి చూద్దాం. ఒకటి తీసెయ్యండి. 2,14,74,83,647తో భాగించండి. సరిగ్గా 1,37,490 రావాలి, సరి సంఖ్య. ఇక రెండోది, చివరి మూడు అంకెలు చాలు. 031ని 8తో భాగిస్తే 7 మిగులుతుంది.